గొంగళి పురుగుల్ని కనిపెట్టి ఫొటో తీయడం ఎలా: మిద్దెతోట నుంచి అడవి దాకా

కరివేపాకు మొక్క లేత ఆకుల మీద గోధుమరంగు, తెలుపు కలిసి పిట్ట రెట్టలా ఏదైనా కనిపిస్తే చాలామంది చేత్తో దులిపేస్తారు. చాలాసార్లు అది రెట్ట కాదు. లైమ్ బటర్‌ఫ్లై, లేదా కామన్ మోర్మన్ అనే సీతాకోకచిలుక పిల్లపురుగు. పక్షుల కంట పడకుండా చిన్నప్పుడు అలా ఉంటుంది. నాలుగుసార్లు కుబుసం విడిచాక అదే పురుగు ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. అంటే మన కళ్ల ముందే ఉంటుంది, మనమే చూడం.

గొంగళి పురుగుని నేరుగా వెతికితే దొరకడం కష్టం, ఎందుకంటే అది దొరక్కుండా బతకడానికే అలా తయారైంది. అది తినే మొక్క తెలిస్తే మాత్రం తేలిగ్గా దొరుకుతుంది. తీసిన ఫొటోలో ఆ మొక్క కూడా కనిపిస్తే, తర్వాత దానికి పేరు కూడా దొరుకుతుంది. ఈ పనిలో నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది మొక్కే. ఖరీదైన కెమెరా కాదు.

మొదటి మెట్టు: ఏ మొక్క మీద ఏది ఉంటుందో తెలుసుకోండి

తల్లి సీతాకోకచిలుక ఎక్కడపడితే అక్కడ గుడ్లు పెట్టదు. కాళ్లతో ఆకుని తట్టి రుచి చూస్తుంది. తన పిల్లలు తినగలిగే ఆకు అని తేల్చుకున్నాకే గుడ్డు పెడుతుంది. చాలా జాతులు ఒకటో రెండో మొక్కల కుటుంబాలనే తింటాయి. కాబట్టి మీ ఇంటి చుట్టూ ఉన్న మొక్కల్లో ఓ పదింటిని బాగా గుర్తుపడితే చాలు, ఏడాదంతా పని ఉంటుంది.

కరివేపాకు, నిమ్మ, బత్తాయి, మారేడు నాలుగూ ఒకే కుటుంబం. నేను పైన చెప్పిన రెండు సీతాకోకచిలుకలూ వీటి మీదే పెరుగుతాయి. లేత చిగుళ్ల మీద ఒక్కొక్కటిగా పెట్టిన లేత పసుపు రంగు గుండ్రటి గుడ్లు కూడా కనిపిస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇక్కడే మొదలుపెట్టండి. మిద్దె మీద కుండీలో ఒక్క కరివేపాకు మొక్క ఉన్నా గుడ్డు నుంచి ప్యూపా (పురుగు కదలకుండా ఉండి సీతాకోకచిలుకగా మారే దశ) దాకా అన్ని దశలూ చూడొచ్చు.

గన్నేరు మీద రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి కామన్ క్రో అనే సీతాకోకచిలుక పురుగు. ఒంటి నిండా చారలు, వీపు మీద నాలుగు జతల పొడవాటి మెత్తటి కొమ్ముల్లాంటివి ఉంటాయి. దాని ప్యూపా వెండి పూత పూసినట్టు మెరుస్తుంది. రెండోది ఓలియాండర్ హాక్‌మాత్ అనే మాత్ (ఎక్కువగా రాత్రి తిరిగే, సీతాకోకచిలుకల చుట్టం) పురుగు. బాగా ఎదిగితే ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటుంది, నందివర్ధనం మీద కూడా పెరుగుతుంది. ఆకుపచ్చ ఒళ్లు, తల వెనక రెండు నీలం–తెలుపు కంటిమచ్చలు, తోక చివర చిన్న కొమ్ము దీని గుర్తులు. అలికిడైతే తలని లోపలికి ముడుస్తుంది. అప్పుడా కంటిమచ్చలు ఉబ్బి నిజం కళ్లలా కనిపిస్తాయి.

జిల్లేడు ఊరి బయట ఎక్కడైనా ఉంటుంది. దాని ఆకుల మీద తెలుపు, నలుపు, పసుపు పట్టీలతో కనిపించేది ప్లెయిన్ టైగర్. దీనికి కొమ్ములు మూడు జతలు. ఇది దాక్కోదు. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి, తనని తినొద్దని పక్షులకి రంగులతోనే చెబుతుంది. ఫొటో తీయడానికి ఇంతకంటే తేలికైన పురుగు లేదు. ఒక్క జాగ్రత్త: జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. ఆకు తుంచొద్దు, చేతులు కడుక్కోకుండా కళ్లు నలుపుకోవద్దు.

తంగేడు, రేల చెట్ల మీద ఎమిగ్రెంట్ జాతి సీతాకోకచిలుకల ఆకుపచ్చ పురుగులుంటాయి. సీతాఫలం మీద, వీధుల్లో అశోక చెట్లని చెప్పి నాటే పొడవాటి నరమామిడి మీద టెయిల్డ్ జే ఉంటుంది. కూరగాయల మడిలో తనంతట తానే మొలిచే గంగవాయిలి కూర మీద డనాయిడ్ ఎగ్‌ఫ్లై. రేగు చెట్టు మీద కామన్ పియెరో, దాని చుట్టాలు.

మామిడి మీద ఉండే కామన్ బ్యారన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నా లెక్కలో మన ఊళ్లలో దొరికే అన్ని పురుగుల్లోనూ ఇది గొప్పది. ఒంటికి రెండు పక్కలా ఈకల్లాంటి పొడవాటి ముళ్లు పరుచుకుని ఉంటాయి, వీపు మధ్యలో నిలువునా లేతరంగు గీత ఉంటుంది. ఈ పురుగు సరిగ్గా మామిడాకు నడి ఈనె మీద పడుకుంటుంది. దాని గీత ఆకు ఈనెతో కలిసిపోతుంది, ముళ్లు పక్క ఈనెల్లా కనిపిస్తాయి, ఒంటి నీడ ఆకు మీద పడదు. అర అడుగు దూరం నుంచి చూస్తున్నా ఒక్కోసారి కనబడదు. అందుబాటు ఎత్తులో కొమ్మలున్న మామిడి చెట్టు ఉంటే, ఒక్కో ఆకునీ వెలుతురుకి ఎదురుగా కింది నుంచి చూడండి. ఆకు మీద ఏదైనా ఉంటే దాని నీడ ఆకారం తెలుస్తుంది.

ఆకు తినని గొంగళి పురుగు కూడా ఒకటుంది. మందారానికి పిండినల్లి పడితే వెంటనే మందు కొట్టకుండా ఆ తెల్లటి పిండిలోకి జాగ్రత్తగా చూడండి. ఏప్‌ఫ్లై అనే చిన్న సీతాకోకచిలుక పురుగు అందులోనే ఉండి పిండినల్లిని తింటుంది. ఒంటికి ఆ పిండే అంటించుకుని ఉంటుంది. దాని ప్యూపాని ఒక వైపు నుంచి చూస్తే కోతి ముఖంలా ఉంటుంది. ఆ ఫొటో ఒక్కసారి తీస్తే పిండినల్లిని మళ్లీ మామూలుగా చూడలేరు.

పొలాల వైపు వెళ్తే వేరే లోకం. ఆముదం మీద దాసరి పురుగు, దాంతోపాటు ముళ్లతో ఉండే కామన్ క్యాస్టర్. పసుపు పంట ఆకుల్ని చుట్టుకుని లోపల ఉండే ఆకుచుట్టు పురుగు. మొక్కజొన్న సుడిలో కత్తెర పురుగు. రైతుకి ఇవి తలనొప్పే, నిజం. కానీ వీటిని సరిగ్గా ఫొటో తీసి గుర్తించడం కూడా రైతుకి పనికొచ్చేదే.

రెండో మెట్టు: పురుగుని కాదు, జాడని చూడండి

మొక్క దగ్గరికి వెళ్లగానే చేయి పెట్టి ఆకులు తిరగేయకండి. రెండడుగుల దూరంలో ఆగి మొత్తం మొక్కని చూడండి. కొరికిన ఆకులు ఎక్కడున్నాయి? పైనా, కిందా, చిగుళ్లలోనా?

ఆకు అంచు వంపుగా కొరికి, నడి ఈనె మాత్రం మిగిలితే పెద్ద పురుగు పని. ఆకులో పచ్చదనం గీకేసి సన్నటి పొర మిగిలితే, అంటే జల్లెడాకు అయితే, అప్పుడే గుడ్లలోంచి వచ్చిన చిన్న పురుగులు గుంపుగా తిన్నాయని అర్థం. పొగాకు లద్దె పురుగు ఇలాగే మొదలవుతుంది. ఆకు మడిచి దారంతో కుట్టినట్టుంటే లోపల ఎవరో ఉన్నారు. నిమ్మాకు మీద వెండిరంగు వంకర గీతలు ఆకు లోపలే తిరిగే చిన్న మాత్ పురుగువి. గులాబీ ఆకు అంచున కత్తెరతో కోసినట్టు గుండ్రటి ముక్క పోతే అది తేనెటీగల చుట్టం పని, పురుగు కోసం వెతకడం దండగ. కొరికిన చోట బంక చార ఎండి మెరుస్తుంటే నత్త.

కొరికిన అంచు రంగు కూడా చూడండి. తాజాగా ఉంటే పచ్చగా, తడిగా ఉంటుంది. గోధుమరంగులోకి ఎండిపోతే పురుగు ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు.

అన్నిటికంటే నమ్మకమైన జాడ పెంటికలు. కింది ఆకుల మీద, కుండీ మట్టి మీద, గచ్చు మీద చిన్న చిన్న గుళికలు కనిపిస్తాయి. ఆకుపచ్చగా మెత్తగా ఉంటే ఇవాళ్టివి, నల్లగా గట్టిపడితే పాతవి. హాక్‌మాత్ పెంటికలు పెద్దవిగా, పీపా ఆకారంలో, నిలువు గాళ్లతో ఉంటాయి. అవి కనిపించాయంటే పైన వేలంత పురుగు ఉన్నట్టే. మిద్దెతోటలో నేను చేసే పని చెబుతాను: అనుమానం ఉన్న మొక్క కింద రాత్రి తెల్ల కాగితం పరుస్తాను. పొద్దున్న పెంటికలు ఎక్కడ ఎక్కువ పడ్డాయో చూసి, సరిగ్గా దాని పైకొమ్మ వెతుకుతాను. పెద్ద మొక్కైతే పాత దుప్పటి.

ఇంకో జాడ చీమలు. రేగు, కంది, అలసంద మొక్కల మీద ఒకచోట చీమలు కదలకుండా మూగి ఉంటే దగ్గరికెళ్లి చూడండి. బ్లూ జాతి చిన్న సీతాకోకచిలుకల పురుగులు తియ్యటి రసం ఇస్తాయి. దాని కోసం చీమలు వాటిని కాపలా కాస్తాయి. పురుగు చదునుగా, ఆకు రంగులోనే ఉంటుంది కాబట్టి మనకి చీమలే ముందు కనిపిస్తాయి.

మూడో మెట్టు: కాలం, వేళ

తొలకరి తర్వాత చిగుళ్లు వచ్చిన దగ్గర్నుంచి చలికాలం మొదలయ్యే దాకా మంచి కాలం. రాయలసీమ, దక్షిణ కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు కూడా పడతాయి కాబట్టి అక్కడ నవంబరు, డిసెంబరుల్లో కూడా బాగుంటుంది. ఎండాకాలంలో అడవి ఎండిపోయినా, రోజూ నీళ్లు పోసే పెరట్లో పురుగులు దొరుకుతూనే ఉంటాయి.

పగలైతే పొద్దున్నే వెళ్లండి. గాలి తక్కువ, వెలుతురు మెత్తగా ఉంటుంది. కానీ మాత్ పురుగులు చాలావరకు పగలు కాండం మొదట్లోనో, ఆకుల కిందో దాక్కుని రాత్రే తింటాయి. కాబట్టి రాత్రి ఎనిమిది తర్వాత టార్చి పట్టుకుని అదే మొక్క దగ్గరికి మళ్లీ వెళ్లండి. పగలు ఖాళీగా కనిపించిన కొమ్మే రాత్రి నిండుగా ఉంటుంది.

365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి దొరికితే తీసుకోండి. ఆ వెలుతురులో చాలా జాతుల పురుగులు ముదురు రంగు ఆకుల మధ్య లేత ఆకుపచ్చగానో, నీలంగానో మెరుస్తాయి. అన్నీ మెరవవు. ఆ టార్చిని ఎవరి కళ్లలోకీ కొట్టొద్దు, మీరూ నేరుగా చూడొద్దు. తేళ్లు కూడా దాని కింద బాగా మెరుస్తాయి, రాత్రి తిరిగేవాళ్లకి అది ఇంకో మేలు.

వానాకాలం రాత్రుళ్లు పాముల కాలం కూడా. బూట్లు, పొడవు ప్యాంటు లేకుండా వెళ్లొద్దు. కొమ్మ మీదకి చూపు పెట్టే ముందు కాలు పెట్టే చోటు చూడండి. ఒంటరిగా అయితే అసలు వద్దు.

నాలుగో మెట్టు: దగ్గరికి వెళ్లే ముందు

ముందు అది నిజంగా గొంగళి పురుగేనా చూడండి. ముందు భాగంలో మూడు జతల అసలు కాళ్లు, తర్వాత మధ్యలో, చివర కండగల కాళ్లు ఉంటాయి. ఈ కండ కాళ్లు మామూలుగా ఐదు జతలు, అంతకంటే ఎక్కువ ఉండవు. వంగి వంగి నడిచే రకాలకి ఇంకా తక్కువ. ఆవ, ముల్లంగి ఆకుల మీద కనిపించే నల్లటి పురుగుకి ఇంతకంటే ఎక్కువ జతలుంటాయి. అది సాఫ్లై పిల్ల, కందిరీగల చుట్టం.

రెండోది, వెంట్రుకలు. బొచ్చు ఉన్న ప్రతి పురుగూ కుట్టదు, కానీ ఏది కుడుతుందో తెలిసే దాకా దేన్నీ ముట్టుకోవద్దు. మునగ చెట్టు మొదట్లో గుంపుగా చేరే గొంగళి పురుగులు తెలిసినవే. వాటికంటే నేను ఎక్కువ భయపడేది మామిడి, కొబ్బరి, ఆముదం, బాదం ఆకుల కింద ఉండే చదునైన ఆకుపచ్చ స్లగ్ క్యాటర్‌పిల్లర్‌కి. ఒంటి మీద నీలం చారలు, ముళ్ల కుచ్చులు చూడటానికి చాలా అందంగా ఉంటాయి. తగిలితే మాత్రం నిప్పు అంటుకున్నట్టు మండుతుంది. పిల్లల్ని వెంట తీసుకెళ్తే ఇది ముందే చెప్పండి.

తగిలితే రుద్దొద్దు. ఆ చోట సెల్లోటేపు అంటించి లాగితే ముళ్లు చాలావరకు వచ్చేస్తాయి. తర్వాత సబ్బు నీళ్లతో కడిగి, ఐసు పెట్టండి. కంట్లో పడినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అలాగే మందు కొట్టిన పొలంలోకి ఆ రోజుల్లో దిగొద్దు.

మూడోది, పురుగు పరిస్థితి. ఒకచోట కదలకుండా, తల వెనక ఉబ్బినట్టు ఉంటే అది కుబుసం విడవబోతోంది. దాని కాళ్లు ఆకు మీద అల్లుకున్న పట్టు పొరకి పట్టుకుని ఉంటాయి. అప్పుడు లాగితే చచ్చిపోతుంది. మామూలప్పుడు కూడా పురుగుని పీకి వేరే అందమైన ఆకు మీద పెట్టడం నాకు అస్సలు నచ్చదు. పురుగుకి హాని అన్నది ఒకటి, అది తినని మొక్క మీద తీసిన ఫొటో చూసేవాళ్లకి అబద్ధం చెబుతుంది, అది ఇంకొకటి. నిమ్మ పురుగుని పుల్లతో పొడిచి, తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు బయటికి తెప్పించి ఫొటో తీయడం కూడా వద్దు. ఆ ఘాటు వాసన కొమ్ములు శత్రువు కోసం దాచుకున్నవి.

ఐదో మెట్టు: ఫొటో

ఫోన్‌తో మొదలుపెట్టండి. చాలా ఫోన్లలో విడిగా ఇచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో (బాగా దగ్గరి ఫొటోల) కెమెరా కంటే, అసలు కెమెరాతో కాస్త దూరం నుంచి 2ఎక్స్ జూమ్‌లో తీసిందే బాగుంటుంది. ఇంకా దగ్గరగా కావాలంటే క్లిప్ మాక్రో లెన్స్ పెట్టుకోండి. దానికి ఫోకస్ ఒకే దూరంలో కుదురుతుంది కాబట్టి స్క్రీన్ నొక్కుతూ కూర్చోకుండా, ఫోన్‌నే మెల్లగా ముందుకీ వెనక్కీ కదిపి, తల స్పష్టంగా కనిపించినప్పుడు తీయండి. ఫోన్ పట్టుకున్న చేతి మణికట్టు ఇంకో చేతి మీద ఆనించండి. ఫోన్ ఫ్లాష్ వాడొద్దు, పురుగు ఒళ్లు తెల్లగా వెలిసిపోతుంది. పక్కన ఒకరు టార్చి ముందు టిష్యూ పేపరు పెట్టి వెలుతురు వేస్తే చాలు.

కెమెరా ఉన్నవాళ్లకి 90 లేదా 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ హాయి. అంత ఖర్చు వద్దనుకుంటే ఉన్న లెన్స్ ముందు బిగించే క్లోజప్ లెన్స్‌తో కూడా మంచి ఫొటోలు వస్తాయి. ఫ్లాష్‌తో తీస్తే అపర్చర్ (లెన్స్ తెరుచుకునే కన్నం) ఎఫ్/8 నుంచి ఎఫ్/11, షట్టర్ వేగం 1/200 సెకను దగ్గర పెట్టుకోండి. ఫ్లాష్ ముందు ప్యాకింగ్‌లో వచ్చే తెల్ల ఫోమ్ షీటుని వంచి పెట్టండి. నున్నటి పురుగుల మీద మెరుపు మచ్చలు పోవాలంటే ఈ డిఫ్యూజర్ తప్పనిసరి, లెన్స్ కంటే దీని తేడానే ఎక్కువ కనిపిస్తుంది. సహజ వెలుతురులో అయితే ఎండ నేరుగా పడకుండా గొడుగు పట్టి, ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని పట్టే సున్నితత్వం) పెంచుకోండి.

ఇంత దగ్గరగా తీసినప్పుడు ఫోకస్‌లో ఉండేది కొద్ది మిల్లీమీటర్ల లోతే. అందుకే కెమెరాని పురుగు పొడవుకి సమాంతరంగా పట్టుకోండి. కోణంగా పట్టుకుంటే తల స్పష్టంగా, మిగతా ఒళ్లంతా మసకగా వస్తుంది. ఫోకస్ ఎప్పుడూ తల మీదే. తలకి రెండు పక్కలా కింది భాగంలో చుక్కల్లాంటి చిన్న కళ్లు, సాధారణంగా పక్కకి ఆరేసి, ఉంటాయి. అవి స్పష్టంగా వస్తే ఫొటోకి ప్రాణం వస్తుంది.

తింటున్న పురుగు తల ఆగకుండా కదులుతుంది కదా, ఎలా? కాసేపు చూడండి. ఆకు అంచున తల ముందుకి చాచి, కొరుకుతూ ఒంటి వైపుకి దించుకుంటుంది. మళ్లీ తల ముందుకి చాస్తుంది. ఆ చాచిన క్షణంలో కాస్త ఆగుతుంది, అప్పుడే నొక్కాలి. గాలి ఉంటే కొమ్మకి బట్టల క్లిప్పు పెట్టి ఒక కర్రకి కట్టండి. వెనక చిందరవందరగా ఉంటే అదే మొక్క ఆకు ఒకటి కాస్త దూరంలో అడ్డంగా ఉండేలా చూసుకోండి.

అందమైన ఒక్క ఫొటోతో ఆగిపోవద్దు. మొత్తం మొక్క ఒకటి, ఆకు స్పష్టంగా కనిపించేలా పురుగు ఒకటి, తర్వాత పక్క నుంచి, పై నుంచి, తల ఎదురుగా, తోక చివర. ఇవన్నీ ఎందుకంటే కత్తెర పురుగునే చూడండి. 2018లో మన దేశంలో మొదటిసారి కనిపించిన ఈ పురుగుకి తల మీద తిరగేసిన ఇంగ్లిష్ వై ఆకారం, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు ఉంటాయి. పక్క నుంచి తీసిన ఒక్క ఫొటోతో దాన్ని మిగతా లద్దె పురుగుల నుంచి వేరుచేయడం కష్టం. పక్కన స్కేలు పెట్టి కూడా ఒకటి తీసుకోండి.

అడవికి వెళ్తే

అనంతగిరి, నల్లమల, తలకోన, మారేడుమిల్లి వైపు వెళ్లేవాళ్లు దారి అంచున ఉన్న పొదలే చూడండి, లోపలికి చొరబడక్కర్లేదు. వెలుతురు తగిలే అంచుల్లోనే చిగుళ్లు ఎక్కువ. అభయారణ్యాల్లో, నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా పురుగుని గానీ ఆకుని గానీ తేకూడదు. కొన్ని సీతాకోకచిలుకలకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కూడా ఉంది. చెన్నూరు, మహాదేవపూర్ ప్రాంతాల్లో మద్ది చెట్ల మీద దసలి పట్టు పురుగులు పెంచుతారు. చేతి వేలికంటే లావుగా, పచ్చగా కొమ్మలకి వేలాడుతుంటాయి. అవి ఒకరి జీవనాధారం. పక్షుల నుంచి కాపలా కాసే రైతుని అడిగి, ఆయన సరేనంటేనే చెట్టు దగ్గరికి వెళ్లండి.

ఆరో మెట్టు: పేరు పెట్టడం, వెంట ఉండటం

తేదీ, ఊరు, మొక్క పేరు. ఈ మూడూ అదే రోజు రాసుకోండి. మొక్క పేరు తెలియకపోతే దాని పువ్వు, కాయ ఫొటో తీయండి. ఐనాచురలిస్ట్ అనే యాప్‌లోనో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ అనే వెబ్‌సైట్‌లోనో ఇవన్నీ కలిపి పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు. యాప్ తనంతట తాను చూపించే పేరుని వెంటనే నమ్మొద్దు. గొంగళి పురుగులు వయసుతో రంగు మారతాయి, అందుకే అది తప్పు చెప్పడం మామూలే. సూచించిన జాతి మీ మొక్కని తింటుందా లేదా అని మీరే చూసుకోండి.

పేరు ఖాయం కావాలంటే పెద్దయ్యే దాకా చూడటమే అసలు మార్గం. మీ సొంత తోటలోనైతే పురుగు ఉన్న కొమ్మకే పల్చటి నెట్ గుడ్డ సంచిలా తొడిగి మూతి కట్టండి. ఆకులైపోతే పక్క కొమ్మకి మార్చండి. నిమ్మ, కరివేపాకు పురుగులు మన వేడికి దాదాపు రెండు మూడు వారాల్లో ప్యూపా అవుతాయి. హాక్‌మాత్ పురుగు మాత్రం గోధుమరంగులోకి మారి కిందికి దిగుతుంది. రాలిన ఆకుల కింద, మట్టిలో ప్యూపా అవుతుంది కాబట్టి కుండీలో ఎండాకులు పరచండి. ప్రతి దశనీ అదే వైపు నుంచి ఫొటో తీస్తే, తర్వాత పక్కపక్కన పెట్టి చూడొచ్చు. సీతాకోకచిలుక రెక్కలు ఆరాక సంచి విప్పి వదిలేయండి.

ఒక్కోసారి సీతాకోకచిలుక రాదు. పురుగు మీద బియ్యపు గింజల్లాంటి తెల్లటి చిన్న గూళ్లు కనిపిస్తాయి. అవి గుడ్లు కావు, పురుగు లోపల పెరిగి బయటికొచ్చిన చిన్న కందిరీగల గూళ్లు. వాటిని పారేయకండి. గూళ్లని, కొన్ని రోజులకి వాటిలోంచి వచ్చే కందిరీగలనీ ఫొటో తీసి, పురుగు పేరు, మొక్క పేరుతో కలిపి పెట్టండి. ఏ కందిరీగ ఏ పురుగులో పెరుగుతుందన్న సమాచారం సీతాకోకచిలుక ఫొటో అంత తేలిగ్గా దొరకదు.